ఆశ వదులుకోవద్దంటారు, ఏ ఆశని?

డాక్టరు గది తలుపు పూర్తిగా మూసుకోలేదు. నేను బయట బెంచీ మీద ఉన్నాను, తమ్ముడు లోపల ఉన్నాడు. "అక్కకి చెప్పకండి సార్, తట్టుకోలేదు" అంటున్నాడు. ఏడుపు ఆపుకునేటప్పుడు వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే ఆ రోజు ఎవరూ ఏమీ చెప్పకపోయినా సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలలూ నాకు అందరూ చెప్పిన మాట ఒకటే, ఆశ వదులుకోవద్దు అని. మంచి మనసుతో అన్న మాటే, కాదనను. కానీ ఏ ఆశని వదులుకోవద్దంటున్నారో ఎవరూ చెప్పరు. చెప్పకుండానే అందరూ అనుకునేది ఒకటే, జబ్బు పూర్తిగా నయమైపోతుందన్న ఆశ. ఉన్నది అదొక్కటే అయితే అది పోయిన రోజున మనిషికి ఇంకేమీ మిగలనట్టే కదా. నాకు అది పోయి ఏడాదిన్నర దాటింది. చాలానే మిగిలింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి, పెద్దపేగు క్యాన్సర్. మలంలో రక్తం కనిపిస్తే మొలలే అనుకుని దాదాపు ఏడాది గడిపేశాను. తర్వాత నీరసం, మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువగా ఉందంటే ఐరన్ మాత్రలు వేసుకున్నాను. (ఇది చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట: మలంలో రక్తం పడుతుంటే అవి మొలలేనని మీకు మీరే తేల్చుకోకండి, సిగ్గుపడి దాచుకోకండి, చూపించుకోండి.) కొలొనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం), స్కాన్ అయ్యేసరికి తేలింది ఏమిటంటే, పెద్దపేగు చివరి మలుపులో గడ్డ, కాలేయంలో రెండు వైపులా కలిపి పదకొండు మచ్చలు, ఊపిరితిత్తుల్లో చిన్నవి మూడు. పేగుల నుంచి వచ్చే రక్తం గుండెకి చేరేముందు కాలేయం గుండా వెళ్తుంది, అందుకే పెద్దపేగు క్యాన్సర్ పాకితే ఎక్కువగా కాలేయంలోనే కనపడుతుంది. నాలుగో స్టేజి. ఆపరేషన్ కుదరదు.

ఆ మాట మా ఇంట్లో అందరికీ "ఇక చేసేదేం లేదు" అన్నట్టు వినపడింది. చాలా ఇళ్ళలో అలాగే వినపడుతుందనుకుంటాను. కానీ అవి రెండూ వేర్వేరు మాటలు. ఆపరేషన్ కుదరదంటే, మచ్చలన్నీ కోసి తీసేస్తే బతకడానికి సరిపడా కాలేయం మిగలదనో, అవి ముఖ్యమైన రక్తనాళాల్ని అంటుకుని ఉన్నాయనో, ఒకచోట తీసినా ఇంకోచోట ఉండిపోతుందనో అర్థం. అప్పటికి ఉన్న పరిస్థితి అది. మందులు వేరే ఉన్నాయి. కొందరికి ఆ మందుల తర్వాత కుదరదన్న ఆపరేషనే కుదురుతుంది కూడా. ఫ్రాన్స్‌లో రెనే ఆడమ్ అనే సర్జన్, ఆయన బృందం 2004లో ప్రచురించిన లెక్క చూడండి. పెద్దపేగు నుంచి కాలేయానికి పాకి, మొదట్లో ఆపరేషన్ కుదరదన్న 1,104 మందిలో, కీమో బాగా పనిచేసిన 138 మందికి తర్వాత ఆపరేషన్ చేయగలిగారు. ఆ 138 మందిలో మూడో వంతు మంది 5 ఏళ్ళు దాటారు. 2024లో ట్రాన్స్‌మెట్ అనే ట్రయల్, అంటే రోగులతో చేసే వైద్య పరీక్ష, ఫలితాలు వచ్చాయి. జబ్బు కాలేయం దాటి బయట ఎక్కడా లేని, చాలా జాగ్రత్తగా ఎంచుకున్న 94 మంది అందులో ఉన్నారు. కీమోతో పాటు కాలేయ మార్పిడికి కేటాయించినవాళ్ళలో 5 ఏళ్ళకి బతికున్నవాళ్ళు సుమారు 57 శాతం, కీమో ఒక్కటే అయితే సుమారు 13 శాతం.

ఈ అంకెలు చదివిన రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. కొన్నాళ్ళకి వాటినే రెండో వైపు నుంచి చదివాను. 1,104లో 138 పోతే 966. కీమో నాకు కొంత పనిచేసింది, కాలేయంలో మచ్చలు చిన్నవయ్యాయి, కానీ ఆపరేషన్ దాకా రాలేదు. ఊపిరితిత్తుల్లో కూడా ఉంది కాబట్టి మార్పిడి మాటే లేదు. అంటే నేను ఆ 966లో మనిషిని. గెలిచినవాళ్ళ కథలు అందరూ చెప్తారు, నాకు వాట్సాప్‌లో రోజుకొకటి వచ్చేది. మిగిలిన 966 మంది ఎలా బతికారో, పొద్దున్నే లేచి ఏం కోరుకున్నారో ఎవరూ చెప్పరు. నాకు కావలసిన కథ అది.

ఆ ఎనిమిది నెలల్లో నాకు చెప్పినదేమిటంటే, కీమోతో గడ్డ కరుగుతుంది, తర్వాత ఆపరేషన్ చేసి తీసేస్తారు, ఒక ఏడాది ఓపిక పడితే మళ్ళీ పాత జీవితం. సగం తెలిసి కూడా నమ్మాను, నమ్మితే మనసుకి హాయిగా ఉండేది. 14 రోజులకోసారి హాస్పిటల్, కుర్చీలో కొన్ని గంటలు, తర్వాత మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్ట్‌కి పంపు తగిలించుకుని ఇంటికి, 46 గంటల తర్వాత పంపు తీయించుకోవడం. మా అబ్బాయికి అప్పుడు పన్నెండేళ్ళు. "అమ్మా, ఈత నేర్పిస్తానన్నావు కదా" అంటే "నయమయ్యాక నాన్నా" అన్నాను. చెల్లెలికీ నాకూ ఒక పాత మాటపట్టింపు ఉంది, అది కూడా నయమయ్యాకే తేల్చుకుందాం అనుకున్నాను. వాడు ఏదడిగినా, నాకేదనిపించినా అదే జవాబు. ఇప్పుడు వెనక్కి చూస్తే నా ఒంట్లో బాగా సత్తువ ఉన్న నెలలు అవే. తెలిసుంటే వాటిని అలా ఖర్చు పెట్టేదాన్ని కాదు. ఆ నెలల్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

తమ్ముడి మీద కోపం లేదు. వాడు నన్ను కాపాడుతున్నాననుకున్నాడు. కానీ దాచడం వల్ల కాపాడినట్టు కాదని మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం వచ్చింది. ఇతర భాగాలకి పాకిన ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లకి కీమో తీసుకున్న 1,193 మందిని అడిగితే, పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్ళలో 81 శాతం మందికి ఆ కీమో తమ జబ్బుని పూర్తిగా నయం చేసే అవకాశం దాదాపు లేదన్న సంగతి అర్థం కాలేదు. ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మా డాక్టరు మాతో చాలా బాగా మాట్లాడతారు అని చెప్పినవాళ్ళలోనే ఈ అపోహ ఎక్కువగా ఉంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. తీపి కబురు చెప్పే డాక్టరే మనకి మంచి డాక్టరు. అది తెలిసి వాళ్ళూ మెత్తగా చెప్తారు, మనమూ గట్టిగా అడగం, మధ్యలో ఇంట్లోవాళ్ళు తలుపు దగ్గర కాపలా ఉంటారు. ఇన్ని వైపుల నుంచి ప్రేమగా కట్టిన గోడ అది, బద్దలు కొట్టాలంటే జబ్బున్న మనిషే పూనుకోవాలి.

నేను పూనుకున్నది ఒక స్కాన్ రోజున. పాత ఫైలు కారులో మర్చిపోయామని చెప్పి తమ్ముణ్ణి పంపించాను, నిజానికి ఫైలు నా సంచిలోనే ఉంది. వాడు వెళ్ళగానే అడిగాను, "సార్, ఇది పూర్తిగా పోతుందా?" అని. ఆయన పెన్ను పక్కన పెట్టారు. "పోదమ్మా. అదుపులో ఉంచడానికి చేయగలిగింది చాలా ఉంది. ఎంతకాలం అన్నది ఇప్పుడే చెప్పలేను" అన్నారు. అంతే. తమ్ముడు తిరిగొచ్చేసరికి అయిపోయింది. దారి పొడుగునా వాడు ఏదో మాట్లాడుతున్నాడు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

నిజం చెప్తే కుంగిపోతారు కదా అంటారు. అవును, కుంగిపోయాను. దాదాపు మూడు వారాలు మంచం దిగలేదు, అబ్బాయి స్కూల్ నుంచి వచ్చినా లేవలేదు. కానీ మూడు వారాల తర్వాత ఒక పొద్దున లేచి చెల్లెలికి ఫోన్ చేశాను. "నయమయ్యాక" అన్న పెట్టె బద్దలైంది కాబట్టి అందులో పడేసినవన్నీ ఇప్పుడు బయట ఉన్నాయి, ఏది ముందు చేయాలో చూసుకోవాలి. విచిత్రంగా ఆ రోజు నాకు ఎనిమిది నెలల్లో ఎప్పుడూ లేనంత ఆశగా అనిపించింది. చేయగలిగిన పనులు కళ్ళముందు ఉన్నాయి. అందరికీ అంతా తెలియాలని నేననను. కొందరు వివరాలు వద్దంటారు, అది వాళ్ళ హక్కు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది జబ్బున్న మనిషి, గది బయట నిలబడ్డవాళ్ళు కాదు. "నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ఒక్కసారి అడిగితే చాలు.

ఇక రెండో మాట, "పాజిటివ్‌గా ఉండు." ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఏడిస్తే జబ్బు పెరుగుతుందేమో, భయపడితే కీమో పనిచేయదేమో అని నేను నిజంగా టెన్షన్ పడ్డాను. స్కాన్‌లో ఒక మచ్చ రెండు మిల్లీమీటర్లు పెరిగితే, ఆ నెలలో నేను ఎన్ని రాత్రులు ఏడ్చానో లెక్క వేసుకున్నాను. ఒక మనిషి చేత అలాంటి లెక్క వేయించే మాట మంచి మాట ఎలా అవుతుంది? 2007లో అమెరికాలో జేమ్స్ కోయిన్, ఆయన సహచరులు తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మంది వివరాలు పరిశీలించి, వాళ్ళ మానసిక స్థితికీ వాళ్ళు ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం కనిపించలేదని తేల్చారు. మా జబ్బు అది కాదు, ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, నాకు తెలుసు. కానీ అది చదివాక గుండెల మీద బరువు దిగింది. నా కన్నీళ్ళు కాలేయం దాకా వెళ్ళవు. మనసు బాగుండాలని కోరుకోవడం మనసు కోసమే, గడ్డని కరిగించడానికి కాదు. అప్పటి నుంచి ఏడుపొస్తే ఏడుస్తున్నాను. ఇంట్లోవాళ్ళు మొదట్లో కంగారుపడేవాళ్ళు, ఇప్పుడు పక్కన కూర్చుంటున్నారు.

అంకెల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాలుగో స్టేజి అని తెలిసిన ప్రతివాళ్ళూ చేసే మొదటి పని అర్ధరాత్రి ఫోన్‌లో సగటు ఆయుష్షు వెతకడం. అక్కడ కనపడే అంకె ఎక్కువగా మధ్య మనిషిది. సగం మంది అంతకన్నా తక్కువ, సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారు, ఆ ఎక్కువ వైపు కొందరు చాలా దూరం వెళ్ళారు. పైగా ఆ లెక్కలోవాళ్ళు వైద్యం మొదలుపెట్టింది ఎన్నో ఏళ్ళ కిందట, అప్పుడున్న మందులతో. ఆ అంకె అబద్ధం కాదు, నన్ను చూసి రాసింది మాత్రం కాదు.

ఆ మందుల కథ నాకు ధైర్యం ఇచ్చినంతగా ఎవరి ఓదార్పూ ఇవ్వలేదు. నా పంపులో 46 గంటలు కారే 5-ఫ్లోరోయురాసిల్‌ని 1957లో తయారుచేశారు. ఇంచుమించు 40 ఏళ్ళు ఈ జబ్బుకి ప్రధానమైన మందు అదే, దానితో బతికేది ఒక ఏడాది అటూ ఇటూ. అమెరికాలో ఇరినోటెకాన్‌కి 1996లో, ఆక్సాలిప్లాటిన్‌కి 2002లో, బెవాసిజుమాబ్‌కి 2004లో అనుమతి వచ్చింది. గడ్డ పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, వాటిని ఆపితే గడ్డని ఆపొచ్చు అని జూడా ఫోక్‌మన్ అనే డాక్టరు 1971లో చెబితే చాలామంది ఒప్పుకోలేదు. ఆ ఆలోచన బెవాసిజుమాబ్‌గా రోగి దగ్గరికి చేరడానికి 33 ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ట్రయల్స్‌లో ఆ మధ్య మనిషి అంకె రెండేళ్ళు దాటింది, కొన్నింటిలో రెండున్నరేళ్ళ దాకా వెళ్ళింది. ఈ మందుల్ని మొదట ఒంటికి ఎక్కించుకుని చూసినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది నాలాంటివాళ్ళే, ఆపరేషన్ కుదరనివాళ్ళు, మందు తమని బతికించకపోవచ్చని తెలిసి సంతకం పెట్టినవాళ్ళు. నాకు దొరికిన అదనపు నెలలు వాళ్ళు పెట్టిన సంతకాల్లోంచి వచ్చాయి. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. పంపు తగిలించినప్పుడల్లా వాళ్ళు గుర్తొస్తారు.

అందుకే అందరికీ చెప్తాను, గడ్డ ముక్కకి జన్యు పరీక్షలు జరిగాయో లేదో అడగండి. రిపోర్టులో ఉండే పేర్లు ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్, హెర్2, ఎంఎస్ఐ; ఏ మందు పనికొస్తుందో వీటిని బట్టి తెలుస్తుంది. పాకిన పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి నాలుగైదింటిలో ఎంఎస్ఐ (కణాల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే వ్యవస్థ పాడైందనడానికి గుర్తు) ఎక్కువగా ఉంటుంది, వాళ్ళలో చాలామందికి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి పంపే మందు, కీమో కన్నా బాగా పనిచేస్తుంది, ఆ అవకాశం తెలియక పోగొట్టుకోకూడదు. నాకు ఎంఎస్ఐ లేదు. ఆర్ఏఎస్ జన్యువుల్లో ఒకటైన కేఆర్ఏఎస్‌లో మార్పు ఉంది, దానివల్ల సెటుక్సిమాబ్ అనే మందు కూడా పనికిరాదు. కేఆర్ఏఎస్‌కి మందు కనిపెట్టడం సాధ్యం కాదని దశాబ్దాలపాటు అనుకున్నారు. తర్వాత ఆ మార్పుల్లో జీ12సీ అనే రకానికి మందు వచ్చింది, అమెరికాలో 2024 నుంచి పెద్దపేగు క్యాన్సర్‌కి కూడా ఇస్తున్నారు. నాది జీ12డీ. పక్క అక్షరం. రిపోర్టులో అది చూసిన రోజు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. అయినా నా గడ్డ ముక్కని పరిశోధనకి వాడుకోవచ్చని సంతకం పెట్టాను. ఆ మందు నాకు అందుతుందో లేదో, ఎవరికో అందాలని మాత్రం నాకు గట్టిగా ఉంది. అది కూడా ఆశే, ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు.

నొప్పి పెరిగినప్పుడు డాక్టరు పాలియేటివ్ కేర్‌కి, అంటే నొప్పినీ బాధల్నీ తగ్గించే వైద్యానికి, పంపిస్తానంటే తమ్ముడు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. చేతులెత్తేశారనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుని ఆఖరి వారం దాకా అటు వెళ్ళరు, అనవసరంగా నొప్పి పడతారు. అది కీమోతో పాటే నడిచే వైద్యం. జెనిఫర్ టెమెల్ బృందం 2010లో పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో చేసిన ట్రయల్‌లో, మొదటి నుంచే పాలియేటివ్ కేర్ అందినవాళ్ళు తక్కువ కుంగిపోయారు, మెరుగ్గా బతికారు, ఆ మధ్య మనిషి అంకె కూడా 8.9 నెలల నుంచి 11.6 నెలలకి పెరిగింది. నా సంగతికొస్తే, మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు స్కాన్ చూడలేదు. "రోజులో మీకు అన్నిటికన్నా కష్టమైన గంట ఏది?" అని అడిగింది. రాత్రి రెండు గంటలు, అన్నాను. రాత్రి నొప్పికి మందు వేళలు మార్చింది, మలబద్ధకానికి ముందే మందు రాసింది, అబ్బాయితో ఏం చెప్పాలో తెలియడం లేదంటే దాని గురించి అరగంట మాట్లాడింది. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. నొప్పి తగ్గిన ఒంటికి ఆశ దానంతటదే వస్తుందని నాకు అప్పుడు తెలిసింది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ఎన్ని మంచి మాటలు చెప్పినా ఎక్కవు.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కే రోజుల్లో చల్లటిది ఏది ముట్టుకున్నా వేళ్ళలో కరెంటు కొట్టినట్టు ఉండేది, చల్లటి నీళ్ళు గుక్క తాగితే గొంతు పట్టేసినట్టయ్యేది. తిమ్మిర్లు పెరిగిపోయి దాన్ని ఆపేశారు, తక్కువ మందులతో నడిపించారు. తర్వాత స్కాన్ నిలకడగా ఉందని పది వారాలు అన్నీ ఆపి విరామం ఇచ్చారు. జబ్బు పెరగలేదు, తగ్గలేదు, అలాగే ఉంది. "అలాగే ఉంది" అన్న మాటకి ఇంత సంతోషం ఉంటుందని ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఊహించలేం. ఆ పది వారాల్లో అబ్బాయిని ఈతకి చేర్పించాను. నేర్పించేది నేను కాదు, నా అరికాళ్ళకి ఇప్పటికీ స్పర్శ సరిగ్గా లేదు. గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే, కరెంటు కొట్టలేదు. వాడు ఆ చివర నుంచి ఈ చివరకి నీళ్ళు మింగుతూ దగ్గుతూ వచ్చి నా పాదం పట్టుకున్నాడు.

ఇప్పుడు నా కాలం స్కాన్ నుంచి స్కాన్‌కి నడుస్తుంది. ఆ మధ్యలో పట్టేంత కోరికలే పెట్టుకుంటాను. అందులో కొన్ని జరుగుతాయి, కొన్ని జరగవు, ఒక పుట్టినరోజు అంతా నేను వాంతులతో గడిపాను. భయం పోలేదు. కీమో గదిలో పక్క కుర్చీ ఖాళీ అయినప్పుడు అడగడానికి నోరు రాదు. నా వయసువాళ్ళు పదేళ్ళ తర్వాతి సంగతులు మాట్లాడుకుంటుంటే లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఇవన్నీ ఉండగానే ఆ ఈత కొలను కూడా ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వచ్చే మంగళవారం మళ్ళీ స్కాన్ రిపోర్టు. విరామం తర్వాత మొదటిది, సీఈఏ (జబ్బు కదలికని చూపించే రక్తపరీక్ష అంకె) కాస్త పెరిగింది, కాబట్టి మంచి కబురే వస్తుందని అనుకోవడం లేదు. తమ్ముడు ఒక నోట్‌బుక్ కొన్నాడు. డాక్టర్ని అడగాల్సినవి ఇద్దరం కలిసి రాసుకున్నాం. మళ్ళీ ఏ మందు, దానివల్ల ఏమొస్తుంది, ట్రయల్స్ ఏమైనా ఉన్నాయా, కీమో వద్దనుకోవాల్సిన రోజు వస్తే ముందుగా చెప్తారా. ఆఖరి ప్రశ్న నేను చెప్పలేదు, వాడే రాశాడు. రాసి, కాసేపు తల దించుకుని కూర్చుని, "అక్కా, ఈసారి ఇద్దరం లోపలికి వెళ్దాం" అన్నాడు.